బస్సులో పట్టుకెళ్లే చిన్న గేమింగ్ సిస్టమ్: పార్ట్స్ చూసి చెప్పండి, ఇప్పుడు బ్లాక్ స్క్రీన్ సమస్య కూడా

కోర్లగుంట_కుర్రోడు
అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నా గానీ పోస్టు పెట్టడం ఇదే మొదలు. ఇల్లు తిరుపతి, ఉద్యోగం బెంగళూరు, నెలలో సగం ఇక్కడ సగం అక్కడ. రెండుచోట్లా మానిటర్, కీబోర్డు ఉన్నాయి, సిస్టమ్ ఒక్కటే అటూ ఇటూ తిరగాలి. ల్యాప్‌టాప్ కొనుక్కోమనేవాళ్లకు ముందే ఒక దండం, గేమింగ్ ల్యాప్‌టాప్ వాడి ఆ చప్పుడూ ఆ వేడీ పడలేక అమ్మేశా. బ్యాగులో పట్టాలి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చోగలగాలి. మానిటర్ 1440పీ. బడ్జెట్ లక్ష, మహా అయితే ఇంకో ఐదు వేలు.

అనుకుంటున్నవి ఇవి: రైజెన్ 5 7500ఎఫ్ ప్రాసెసర్, బీ650 ఐటీఎక్స్ (చిన్న సైజు) మదర్‌బోర్డు, డీడీఆర్5 ర్యామ్ 16 జీబీ, ఆర్‌టీఎక్స్ 5060 గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ ఎన్‌వీఎంఈ స్టోరేజీ. క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) చివర్లో చూద్దామని.

రిచీస్ట్రీట్_రిటర్న్
తమ్ముడూ, క్యాబినెట్ చివర్లో కాదు, ముందు. పెద్ద టవర్ అయితే ఏం కొన్నా పడుతుంది, చిన్నదాంట్లో మాత్రం క్యాబినెట్ ఒప్పుకున్నదే కొనాలి. కూలర్ ఎత్తు ఎంత, కార్డు పొడవూ మందమూ ఎంత, ఎస్‌ఎంపీఎస్ ఏ సైజుది, ఈ మూడూ కాగితం మీద రాసుకోకుండా ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 తీసుకుంటే 18 లీటర్ల పైచిలుకు, 155 ఎంఎం టవర్ కూలర్ పడుతుంది, 330 ఎంఎం కార్డు పడుతుంది, కార్డు నేరుగా బోర్డు మీదే కూర్చుంటుంది. కానీ బ్యాగులో పట్టదు. ఫ్రాక్టల్ టెర్రా లాంటివి పది లీటర్ల చిల్లర. వాటిని శాండ్‌విచ్ క్యాబినెట్ అంటారు, బోర్డు ఒక పక్క, కార్డు దాని వీపుకు ఆనుకుని రెండో పక్క, మధ్యలో కార్డును బోర్డు స్లాట్‌కు కలిపే రైజర్ కేబుల్. బ్యాగులో దిగుతుంది గానీ కూలర్ 77 ఎంఎంకు మించకూడదు, అది కూడా కార్డు పక్క చోటు తగ్గించుకుంటేనే.

ఎస్‌ఎంపీఎస్ విషయంలో జాగ్రత్త. మామూలు ఏటీఎక్స్ వీటిలో దూరదు, ఎస్‌ఎఫ్‌ఎక్స్ కావాలి. దాని లోతు 100 ఎంఎం. ఎస్‌ఎఫ్‌ఎక్స్-ఎల్ అని ఇంకోటి 130 ఎంఎం ఉంటుంది, పేరు దగ్గరగా ఉందని అది తెచ్చుకుంటే కేబుల్స్‌కు చోటుండదు.

ఎంఏటీఎక్స్_మామ
ఎవరూ అడగకపోయినా నా మాట నేను చెప్తా. మన దేశంలో ఐటీఎక్స్ అంటే బోర్డు చిన్నది, బిల్లు పెద్దది. ఐటీఎక్స్ బోర్డు చదరంగా 170 ఎంఎం, మైక్రో ఏటీఎక్స్ 244 ఎంఎం. ఆ ఏడు సెంటీమీటర్ల కోసం బోర్డుకు ఎక్కువ, ఎస్‌ఎఫ్‌ఎక్స్‌కు ఎక్కువ, క్యాబినెట్‌కు ఎక్కువ. లియాన్ లీ ఏ3 చూడు, 26 లీటర్లు, మామూలు ఎస్‌ఎంపీఎస్ పడుతుంది, మిగిలిన డబ్బుతో పెద్ద కార్డు వస్తుంది.

కోర్లగుంట_కుర్రోడు
మామా, 26 లీటర్లు ఒళ్లో పెట్టుకుంటే పక్క సీటు ఆయన టికెట్ కూడా నేనే కొనాలి.

ఎంఏటీఎక్స్_మామ
సరే, నీ ఖర్మ 😄

మధ్యాహ్నం42
అందరూ సైజు గురించే మాట్లాడుతున్నారు, ఎండ సంగతేంటి? ఆ రివ్యూలు చేసేవాళ్లు ఏసీ గదిలో కూర్చుని 22 డిగ్రీల్లో టెస్టు చేస్తారు. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం బయట 42, ఫ్యాన్ కింద గదిలో 36 ఉందనుకో, వాళ్లు చూపించిన ప్రతి నంబరుకూ 14 కలుపుకుని చదువుకోవాలి. కూలర్ ఎంత గొప్పదైనా గది గాలి కంటే చల్లగా చెయ్యలేదు. వాళ్లకు 78 అంటే మనకు 92.

నువ్వు రాసిన 7500ఎఫ్‌కు గానీ దాని తోటి ప్రాసెసర్ 7600కి గానీ గరిష్ఠం 95, అక్కడికి చేరితే స్పీడు తానే తగ్గించుకుంటుంది, కాలిపోదు. కానీ ఫ్యాను అరుపు భరించాలి. అందుకే బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల్లో, కరెంటు తక్కువ లాగే ఎకో మోడ్ పెట్టు. 65 వాట్ల ప్రాసెసర్ అని అట్ట మీద రాసినా నిజానికి 88 వాట్ల దాకా లాగుతుంది. 45 వాట్ల ఎకో పెడితే 61 దగ్గర ఆగుతుంది. గేముల్లో తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే గేములు ఆరు కోర్లనూ ఎప్పుడూ పూర్తిగా పిండవు. వీడియో రెండరింగ్ లాంటి పనుల్లో తెలుస్తుంది.

బోర్డు_డాక్టరమ్మ
చిత్తూరులో బోర్డుల రిపేరు చేస్తుంటాను, కాబట్టి నేను కొనేటప్పుడు ఆలోచించేది వేరుగా ఉంటుంది. రేపు డిస్‌ప్లే రాకపోతే ఎట్లా వెతుకుతావు అనేది ముందు చూసుకోవాలి. 7500ఎఫ్‌లో లోపల గ్రాఫిక్స్ లేదు. 7600లో చిన్నదైనా ఉంది. పెద్ద టవర్ ఉన్నవాడు కార్డు తీసి ఇంకోటి పెట్టి చూస్తాడు. నీకు ఆ శాండ్‌విచ్ డబ్బాలో కార్డు తీయాలంటే సగం సిస్టమ్ విప్పాలి, పైగా రైజర్ అనే ఇంకో అనుమానితుడు మధ్యలో ఉంటాడు. బోర్డు హెచ్‌డీఎంఐకి కేబుల్ తగిలిస్తే బొమ్మ వచ్చిందంటే ప్రాసెసర్, ర్యామ్, బోర్డు మూడూ బాగున్నట్టు ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కొంచెం ఎక్కువైనా 7600 తీసుకో నాన్నా.

ఫుల్_ఎఫ్‌పీఎస్
అక్కా ఆ తేడా డబ్బుతో ఇంకో గేమ్ వస్తుంది కదా

బోర్డు_డాక్టరమ్మ
వస్తుంది. డిస్‌ప్లే లేకుండా ఆడుకో.

కోర్లగుంట_కుర్రోడు
అక్క మాట విన్నా, 7600 ఖాయం. బెంగళూరులో ఒకాయన దగ్గర శాండ్‌విచ్ క్యాబినెట్ సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, రైజర్‌తో సహా. కూలర్ థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47, ఎత్తు 47 ఎంఎం. ఎస్‌ఎంపీఎస్ 650 వాట్ల గోల్డ్ ఎస్‌ఎఫ్‌ఎక్స్. ర్యామ్ దగ్గర ఆగిపోయా. 2025 చివర్నుంచి ఎక్కిన రేట్లు దిగట్లేదు. 8 జీబీ రెండు తీసుకోనా, 16 జీబీ ఒకటి తీసుకుని తర్వాత ఇంకోటి వేసుకోనా?

రిచీస్ట్రీట్_రిటర్న్
రెండు 8లు. ఒక్కటే వేస్తే సింగిల్ ఛానల్, అంటే డేటాకు ఒకటే దారి, గేముల్లో బాగా దెబ్బ.

మధ్యాహ్నం42
ఒప్పుకోను. ఐటీఎక్స్ బోర్డులో స్లాట్లు రెండే. రెండు 8లు వేస్తే రేపు పెంచాలన్నప్పుడు రెండూ తీసి అమ్ముకోవాలి. అదీగాక డీడీఆర్5 8 జీబీ స్టిక్కుల్లో చిప్పులు నాలుగే, బ్యాంక్ గ్రూపులు (చిప్పు లోపలి డేటా అరలు) సగం, అంటే 16 జీబీ స్టిక్కు కంటే అవి ఎలాగూ కాస్త నెమ్మది. ఇప్పుడు ఒక 16 వేసుకో, రేట్లు తగ్గాక అదే మోడల్ ఇంకోటి.

రిచీస్ట్రీట్_రిటర్న్
అదే మోడల్ అన్నా లోపల చిప్పులు అవే ఉంటాయన్న గ్యారంటీ లేదు బాసూ. ర్యామ్‌ను దాని పూర్తి స్పీడుకు పెంచే ఎక్స్‌పో ఆన్ చేస్తే మొండికేసినవి చూశా.

బోర్డు_డాక్టరమ్మ
ఇద్దరూ నిజమే చెప్తున్నారు, అందుకే అటు ఇటు కాకుండా చెప్తా: కార్డులో ఒక మెట్టు దిగైనా 16వి రెండు, ఒకే ప్యాకెట్‌లో వచ్చేవి కొనగలిగితే కొను. కుదరకపోతే ఒక్కటే 16. ఏదైనా హీట్‌సింక్ పొట్టిగా ఉన్నవే చూడు, రంగు లైట్ల స్టిక్కులు ఆ కూలర్ కింద పట్టవు.

ఇంకోటి. అన్నీ రాగానే ఆత్రంగా డబ్బాలో బిగించకు. బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే బోర్డు పెట్టి, ప్రాసెసర్, కూలర్, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ తగిలించి, బోర్డు హెచ్‌డీఎంఐ నుంచే బొమ్మ చూడు. తర్వాత కార్డు నేరుగా స్లాట్‌లో పెట్టి ఇంకోసారి చూడు. వెండిరంగు యాంటీ స్టాటిక్ కవరు మీద మాత్రం పెట్టి ఆన్ చెయ్యొద్దు, కొన్నిటి పైపొర కరెంటు పారనిస్తుంది.

కోర్లగుంట_కుర్రోడు
పార్ట్స్ అన్నీ వచ్చేశాయి. 16వి రెండు, జేబుకు చిల్లు. అక్క చెప్పినట్టే అట్టపెట్టె మీద తగిలించా. ఫ్యాను తిరుగుతోంది, బొమ్మ లేదు. బోర్డు మీద డీర్యామ్ అని రాసిన దగ్గర పసుపు ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంది. ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉన్నారా, టెన్షన్‌గా ఉంది.

మధ్యాహ్నం42
ముట్టుకోకు. అలాగే వదిలెయ్. ఏఎం5లో (నీ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌తో టైమింగులు కుదుర్చుకుంటుంది, మెమరీ ట్రైనింగ్ అంటారు. కొన్ని నిమిషాలు నల్ల స్క్రీనే. మధ్యలో తానే ఆగి మళ్లీ ఆన్ అయినా కంగారు పడకు. చాలామంది ఇక్కడే ర్యామ్ చెడిపోయిందనుకుని స్విచ్ తీసేస్తారు, తీసిన ప్రతిసారీ మళ్లీ మొదటికి వస్తుంది. వెళ్లి టీ తాగి రా.

కోర్లగుంట_కుర్రోడు
వచ్చింది!!! టీ పెట్టుకునేలోపే బయోస్ స్క్రీన్. థ్యాంక్స్ అన్నా. కార్డు నేరుగా స్లాట్‌లో పెట్టి కూడా చూశా, విండోస్ ఎక్కింది, డ్రైవర్లు వేశా. ఇక డబ్బాలోకి.

కోర్లగుంట_కుర్రోడు
మళ్లీ నేనే, ఈసారి గట్టి సమస్య. డబ్బాలో బిగించాక డెస్క్‌టాప్, బ్రౌజర్, వీడియోలు అన్నీ బాగున్నాయి. గేమ్ మొదలుపెట్టిన కాసేపటికి స్క్రీన్ నల్లబడుతుంది, కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా ఫుల్ స్పీడ్‌లో అరుస్తాయి, వెనక గేమ్ సౌండ్ మాత్రం ఇంకా వినిపిస్తుంటుంది, ఆ తర్వాత రీస్టార్ట్. ఒక్కోసారి ఐదు నిమిషాలకే, ఒక్కోసారి గంట ఆడాక. కార్డు టెంపరేచర్ అప్పటికి 74, ప్రాసెసర్ 83.

ఫుల్_ఎఫ్‌పీఎస్
ఎస్‌ఎంపీఎస్. కళ్లు మూసుకుని చెప్తా. 850 తీసుకో.

మధ్యాహ్నం42
ఆ టెంపరేచర్లు మామూలే, వేడి కాదు. 5060 లాగేదే 145 వాట్లు, ప్రాసెసర్ 88, మిగతావన్నీ కలిపినా 300 దాటదు. 650 చాలదు అనే ప్రశ్నే లేదు. ఎస్‌ఎంపీఎస్ చెడిపోయి ఉండొచ్చు, అది వేరే సంగతి.

రిచీస్ట్రీట్_రిటర్న్
ఎక్స్‌పో ఆఫ్ చేసి చూడు. అప్పటికీ సమస్య పోకపోతే ర్యామ్ స్పీడు కాదని తేలుతుంది. డ్రైవర్ కూడా పూర్తిగా తీసేసి మళ్లీ వెయ్.

కోర్లగుంట_కుర్రోడు
ఎక్స్‌పో ఆఫ్ చేసినా అదే కథ. డ్రైవర్ సేఫ్ మోడ్‌లో తీసేసి కొత్తది వేసినా అంతే. విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని ఎర్రగా ఉంది, పవర్ అంటోంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్సేనా?

బోర్డు_డాక్టరమ్మ
41 చూసి ఎస్‌ఎంపీఎస్ మార్చినవాళ్లు చాలామంది నా దగ్గరికే వచ్చారు. "క్రితంసారి నన్ను పద్ధతిగా షట్‌డౌన్ చెయ్యలేదు" అని విండోస్ రాసుకునే ఫిర్యాదు అది, అంతే. ఎందుకు ఆగిందో దానికీ తెలియదు. నువ్వు ప్లగ్ పీకినా 41 వస్తుంది.

నువ్వు చెప్పినదాంట్లో పనికొచ్చే ముక్క ఒకటుంది. సౌండ్ ఆగలేదు. ఎస్‌ఎంపీఎస్ చేతులెత్తేస్తే అన్నీ ఒకేసారి ఆరిపోతాయి, సౌండ్ ఎక్కడి నుంచి వస్తుంది? సిస్టమ్ బతికే ఉంది, కార్డు ఒక్కటే బోర్డుతో మాట తెగిపోయింది. తన మీద అదుపు పోయినప్పుడు కార్డు ఫ్యాన్లను ఫుల్‌కు వదిలేస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, దాంట్లో సిస్టమ్ తెరిచి ఎర్రవాటిని కాదు, పసుపు హెచ్చరికలను చూడు. హార్డ్‌వేర్ తప్పులు రాసిపెట్టే డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ అని, ఐడీ 17 అని ఉన్నాయా?

కోర్లగుంట_కుర్రోడు
అక్కా, కుప్పలు తెప్పలుగా ఉన్నాయి! గేమ్ ఆడిన ప్రతిసారీ వరుసగా అవే. కరెక్టెడ్ హార్డ్‌వేర్ ఎర్రర్, కాంపొనెంట్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ రూట్ పోర్ట్.

బోర్డు_డాక్టరమ్మ
అయితే రైజర్. పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటే కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా దారి, ఆ దారిలో వచ్చే డేటా చెడిపోతోంది, సిస్టమ్ మళ్లీ మళ్లీ అడిగి సరిచేసుకుంటోంది, సరిచేసుకోలేని దెబ్బ ఒకటి తగిలినప్పుడు కార్డు మాయం. ఆ క్యాబినెట్ ఎప్పటిది? పాతదైతే దాంతో వచ్చిన రైజర్ జెన్3 (ఆ దారి మూడో తరం, జెన్4లో సగం వేగం) రకం అయ్యుంటుంది. నీ బోర్డు స్లాట్ జెన్4, కార్డు ఇంకా కొత్తది. ఆటోలో వదిలేస్తే రెండూ మాట్లాడుకుని జెన్4కే ఒప్పుకుంటాయి, మధ్యలో ఉన్న కేబుల్ ఆ వేగానికి తగదని వాటికి తెలియదు. డెస్క్‌టాప్ మీద పెద్దగా డేటా నడవదు కాబట్టి బయటపడదు, గేమ్‌లో పడుతుంది.

బయోస్‌లో పీసీఐఈ ఎక్స్16 స్లాట్ స్పీడు ఆటో తీసేసి జెన్3 పెట్టు. అక్కడికి వెళ్లేటప్పుడు స్క్రీన్ రాకపోతే బోర్డు హెచ్‌డీఎంఐ ఉంది కదా. 7600 ఎందుకు కొనమన్నానో ఇప్పుడు అర్థమైందా.

రిచీస్ట్రీట్_రిటర్న్
అక్కకు దండం. ఒక్కటే కలుపుతా, రైజర్ మడతలు కూడా చూడు. గోరుతో నొక్కి మడిచినట్టు గీత పడి ఉంటే, లేదా ఎస్‌ఎంపీఎస్ అంచు దాన్ని నొక్కుతుంటే జెన్3లో కూడా తిప్పలే. రైజర్లతో ఇంకా పెద్ద గొడవలు కూడా ఉన్నాయి, 2021లో ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ హెచ్1 క్యాబినెట్లను కంపెనీయే వెనక్కి పిలిచింది, రైజర్ బోర్డును పట్టుకున్న స్క్రూ 12 వోల్ట్ల కరెంటు దారికి తగిలి షార్ట్ అయ్యే ప్రమాదం ఉందని.

కోర్లగుంట_కుర్రోడు
జెన్3 పెట్టి రాత్రంతా ఆడా. ఒక్కసారి కూడా నల్లబడలేదు. లాగ్‌లో 17 ఒక్కటి లేదు. అనుమానం తీరాలని కార్డు బయటికి తీసి నేరుగా బోర్డు స్లాట్‌లో పెట్టి జెన్4లో కూడా నడిపా, అదీ శుభ్రం. రైజరే. అమ్మినాయన పాత కార్డు వాడేవాడట, ఆయనకు ఎప్పుడూ రాలేదట.

జెన్3లోనే ఉంచేస్తే నష్టమా?

మధ్యాహ్నం42
కొంచెం. 5060 కనెక్టర్ చూడ్డానికి ఎక్స్16 అయినా లోపల తీగలు ఎక్స్8 వే, అంటే పదహారు దారుల్లో ఎనిమిదే. జెన్3 ఎక్స్8 అంటే సెకనుకు 8 జీబీ దగ్గర, జెన్4లో దానికి రెట్టింపు. కార్డు మెమరీ 8 జీబీలోపు గేమ్ ఇమిడినంతసేపూ తేడా తక్కువ. 1440పీలో టెక్స్‌చర్స్ అల్ట్రా పెట్టి ఆ 8 నిండిపోతే, పొంగినదంతా ఈ సన్న దారిలోనే ర్యామ్‌కు పోయి రావాలి, అక్కడ గేమ్ కుదుపుతుంది. టెక్స్‌చర్స్ హైకి దించు, డీఎల్‌ఎస్‌ఎస్ (బొమ్మను తక్కువ సైజులో గీసి పెద్దది చేసే సెట్టింగ్) క్వాలిటీ పెట్టు. తీరిగ్గా జెన్4 రైజర్ కొను, పొడవు మాత్రం పాతదాన్ని కొలిచి అంతే తీసుకో, ఎక్కువైతే ఆ డబ్బాలో మడవడానికి చోటుండదు.

ఎంఏటీఎక్స్_మామ
నేను చెప్పిన 26 లీటర్లలో రైజరే ఉండదు. ఊరికే గుర్తుచేస్తున్నా.

కోర్లగుంట_కుర్రోడు
మామా 🙏

ఇంకో రెండు ఉన్నాయి, కొత్త పోస్టు ఎందుకని ఇక్కడే అడుగుతున్నా. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోయినప్పుడు లైట్లు, ఫ్యాన్లు రెప్ప కొట్టినట్టు ఆరి వెలుగుతాయి, సిస్టమ్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. రెండోది, చెప్పులు లేకుండా కూర్చుని క్యాబినెట్ మీద చెయ్యి పెడితే చీమ కుట్టినట్టు జివ్వుమంటోంది. బెంగళూరు గదిలో ఈ రెండూ లేవు.

బోర్డు_డాక్టరమ్మ
రెండోదే ముందు. అది ఎర్తింగ్. ప్రతి ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ ఎర్తుకు కట్టి ఉంటాయి. ఎర్తు సరిగ్గా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే ఇనప డబ్బా మొత్తం సగం వోల్టేజీ దగ్గర, అంటే 115 చుట్టుపక్కల తేలుతుంటుంది, నువ్వు వట్టికాళ్లతో ముట్టుకుంటే నీలోంచి పోతుంది. ఇప్పుడైతే జివ్వుమనడమే, కానీ లోపల ఎప్పుడైనా ఫేజు డబ్బాకు తగిలితే కాపాడేది ఆ ఎర్తు వైరే, కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సాకెట్‌లో ఫేజుకూ ఎర్తుకూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ చూడమను. మొదటిది 230 దగ్గర, రెండోది రెండు మూడు వోల్ట్ల లోపు ఉండాలి. పాత ఇళ్లలో ఎర్తు గుంతకు ఉప్పూ బొగ్గూ వేసి ఎండాకాలం నీళ్లు పొయ్యాలి, ఎవరూ పొయ్యరు. అద్దె ఇల్లయితే ఓనరుకు చెప్పు. ఆ సాకెట్ నుంచి స్పైక్ బస్టర్‌కు పోయే వైరు రెండు పిన్నులదైతే ముందు అది మార్చు.

రిచీస్ట్రీట్_రిటర్న్
ఇన్వర్టర్ వెనకో పక్కనో యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది చూడు. మామూలు మోడ్‌లో కరెంటు పోయాక బ్యాటరీకి మారడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, ఫ్యానుకు పర్లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి కెపాసిటర్ మీద నిండు లోడులో పదహారు పదిహేడు మిల్లీసెకన్లకు మించి బతుకుతుందని నమ్మలేం, మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క చుట్టు కూడా కాదు అది. యూపీఎస్ మోడ్‌లో మార్పు త్వరగా జరుగుతుంది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమేనా చూసుకో, స్క్వేర్ వేవ్ అయితే ఈ గోల్డ్ ఎస్‌ఎంపీఎస్‌లకు సరిపడదు.

కోర్లగుంట_కుర్రోడు
స్విచ్ దొరికింది, బ్యాటరీ ట్రాలీ గోడకు ఆనుకుని ఉంటే దాని వెనక. యూపీఎస్ మోడ్‌కు మార్చి మెయిన్ ఆఫ్ చేసి చూశాం, గేమ్ నడుస్తూనే ఉంది. సైన్ వేవ్ రకమే. ఎర్తింగ్ కోసం ఓనరుగారితో నాన్న మాట్లాడుతున్నాడు, అప్పటిదాకా చెప్పులేసుకుని ఆడమని అమ్మ ఆర్డర్.

బోర్డు_డాక్టరమ్మ
చెప్పులేసుకున్నా ఇంకొకరెవరైనా ముట్టుకుంటారు. ఎర్తు తేలేదాకా ఇంట్లో దాన్ని ఆన్ చెయ్యకు. అమ్మకు కూడా చెప్పు.

కోర్లగుంట_కుర్రోడు
సరే అక్కా, ప్లగ్ తీసేశా. సోమవారం ఎలాగూ బెంగళూరు ప్రయాణం, అక్కడ ఆడుకుంటా. జెన్4 రైజర్ ఆర్డర్ పెట్టా, రాగానే బిగించి 17లు వస్తున్నాయో లేదో లాగ్ ఇక్కడే పెడతా.

ఫుల్_ఎఫ్‌పీఎస్
బ్రో ఆ పాత రైజర్ పారెయ్యకు, నాకిచ్చెయ్. నాది ఆర్‌ఎక్స్ 580, ఎలాగూ జెన్3 కార్డే. రేట్ ఇన్‌బాక్స్‌లో చెప్పు, లీలామహల్ దగ్గర కలుస్తా.